మూడు బండ్లు, ఒక ఛానెల్: వాకీటాకీ ప్రాజెక్టు డైరీ

మొదలు

కిందటి ప్రయాణంలో ఏం జరిగిందో రాస్తేనే ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నానో తెలుస్తుంది. మూడు కార్లలో బయల్దేరాం. ముందు నేను, మధ్యలో బావ, చివర బాబాయి. బాబాయి బండిలో అమ్మ, పిన్ని. అడవి దారిలో రోడ్డు రెండుగా చీలిన చోట నేనూ బావా కుడికి తిరిగాం. బాబాయి మా వెనకే ఉన్నాడనుకున్నాం. ఆయనకూ మాకూ మధ్య ఒక లారీ దూరింది, మా బండ్లు కనబడలేదు, తిన్నగా ఎడమ దారి పట్టి వెళ్లిపోయాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు. మళ్లీ అందరం ఒకచోట చేరేసరికి రెండు గంటలు దాటింది. అమ్మ బండి దిగి ఒక్క మాట కూడా అనలేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు, అంతే.

టవర్లతో పని లేకుండా బండి నుంచి బండికి మాట వెళ్లే ఏర్పాటు చేయాలని ఆ రాత్రే అనుకున్నాను. వచ్చే ప్రయాణానికి ఎనిమిది వారాలుంది.

1వ వారం: ఏ సెట్లు?

మొదట తేల్చుకోవాల్సింది చట్టం. గాలిలోకి సిగ్నల్ వదలడానికి ప్రతి దేశానికీ నిబంధనలున్నాయి, అవి ఒకేలా లేవు. యూరప్‌లో 446 మెగాహెర్ట్జ్ దగ్గర 16 ఛానెళ్లు, అర వాట్ శక్తి వరకు లైసెన్సు అక్కర్లేదు. భారత్‌లోనూ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. అమెరికాలో 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర 22 ఛానెళ్లు ఇచ్చారు, వాటిలో కొన్నింటి మీద 2 వాట్ల దాకా వాడుకోవచ్చు. ఆస్ట్రేలియా ఇంకా ధారాళం: 477 మెగాహెర్ట్జ్ దగ్గర 80 ఛానెళ్లు, 5 వాట్లు, కారు మీద బయటి యాంటెన్నా పెట్టుకున్నా తప్పు లేదు. ఒకచోట కొన్న సెట్టు ఇంకో దేశానికి తీసుకెళ్తే అక్కడి పోలీసులో, ఆంబులెన్సువాళ్లో వాడే ఫ్రీక్వెన్సీ మీద పడొచ్చు. ఇది చిన్న విషయం కాదు.

బావ 5 వాట్ల సెట్లు చూపించాడు. యాంటెన్నా విప్పి మార్చుకోవచ్చు, ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది కొట్టుకోవచ్చు. "ఇంత తేడా ఉంటే అర వాట్ ఎందుకురా?" అన్నాడు. అలాంటివి సరదా కోసం రేడియో నడిపే అమెచ్యూర్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నవాళ్ల కోసం, బావా, అన్నాను. శక్తి పది రెట్లు పెంచినంత మాత్రాన దూరం పది రెట్లు పెరగదు కూడా. నేలకు దగ్గరగా తిరిగే బండ్ల మధ్య రెట్టింపు కావడమే గగనం. అర వాట్ సెట్లు నాలుగు తీసుకున్నాం. మూడు బండ్లకు మూడు, చేతిలో ఒకటి అదనం.

అమెరికా లారీ డ్రైవర్లు వాడే 27 మెగాహెర్ట్జ్ సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియో గురించి కూడా చదివాను. 40 ఛానెళ్లు, 4 వాట్లు, హైవే మీద అందరూ వినేది 19వ ఛానెల్. దాని తరంగం పొడవు 11 మీటర్లు. అందులో పావు వంతు యాంటెన్నా పెట్టాలన్నా మనిషిని మించిన కర్ర అవుతుంది. మనకు పనికిరాదు.

2వ వారం: పెట్టె మీద రాసిన 10 కిలోమీటర్లు

పెట్టె మీద "10 కిలోమీటర్ల వరకు" అని ఉంది. అది శుద్ధ అబద్ధమేమీ కాదు. ఈ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ దాదాపు చూపు వెళ్లినంత మేర వెళ్తుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తును బట్టి దూరం ఉంటుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే రేడియో దిగ్మండలం, అంటే సిగ్నల్ తిన్నగా చేరగల హద్దు, కిలోమీటర్లలో వస్తుంది. కారులో సెట్టు నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే ఒక్కో వైపు నాలుగున్నర, రెండూ కలిపితే 9 కిలోమీటర్లు. మధ్యలో చెట్టు, గుట్ట, ఇల్లు, లారీ ఏదీ ఉండకూడదు. సెట్టు కారు రేకు లోపల ఉండకూడదు. అలాంటి దారి నాకు ఇంతవరకు తగల్లేదు.

ఆదివారం తెల్లవారుజామున బావా నేనూ ఖాళీ రోడ్డు మీదికి వెళ్లాం. నేను బండి ఆపి ఉన్నాను. బావ కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ ముందుకు పోతూ ప్రతి 200 మీటర్లకూ అంకెలు చదివాడు. సెట్టు గేరు పక్కన గ్లాసు పెట్టుకునే గుంటలో ఉన్నప్పుడు 700 మీటర్లకే మాట తెగింది. అదే సెట్టును కిటికీ అద్దానికి ఆనించి, యాంటెన్నా నిటారుగా పెడితే కిలోమీటరున్నర దాకా స్పష్టంగా వచ్చింది. ఇద్దరం బండి దిగి సెట్టు తల కన్నా పైకెత్తి మాట్లాడితే 3 కిలోమీటర్లు దాటాక కూడా వినబడింది. సెట్టు అదే, బ్యాటరీ అదే. మారింది చోటు ఒక్కటే.

రేకు సిగ్నల్‌ను ఆపుతుంది, అద్దం వదులుతుంది. అయితే అన్ని అద్దాలూ కాదు. బాబాయి కారు అద్దాలకు ఎండ ఆపే ఫిల్మ్ వేయించాడు, అందులో సన్నని లోహపు పూత ఉంది. ఆ బండిలోంచి మాట్లాడితే కిలోమీటరు కూడా రాలేదు. వెనక అద్దానికి మాత్రం ఫిల్మ్ లేదు. సెట్టు వెనక సీటు పైన, ఆ అద్దం దగ్గర పెట్టాక మాకు సమంగా వచ్చేశాడు. చివరి బండి ముందుకే మాట్లాడాలి కదా, వెనక అద్దం ఏం పనికొస్తుందని సందేహించాను. కానీ సిగ్నల్ పక్కల నుంచి, రోడ్డు మీది వాటికి తగిలి తిరిగొచ్చి కూడా చేరుతోంది.

3వ వారం: జానెడు దూరం

ఈ వారం చూసినంత చిత్రం ఇంకేదీ లేదు. బండి ఆపి బావతో మాట్లాడుతున్నాను, ఆయన గొంతు ఒక్కసారి బుస్సుమనే శబ్దంలో మునిగిపోయింది. బ్యాటరీ అయిపోయిందేమోనని సెట్టు చేతిలోకి తీసుకున్నాను. జానెడు పక్కకు జరిగిందో లేదో గొంతు మళ్లీ వచ్చింది, పక్కనే కూర్చుని మాట్లాడినట్టు. వెనక్కి పెడితే పోయింది. ముందుకు తెస్తే వచ్చింది. పదిసార్లు చేసి చూశాను.

446 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 67 సెంటీమీటర్లు. తిన్నగా వచ్చిన సిగ్నల్, గోడకో లారీకో తగిలి తిరిగి వచ్చిన సిగ్నల్ ఒకచోట ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అలాంటి చచ్చు చోట్లు సుమారు 33 సెంటీమీటర్లకు ఒకటి పడొచ్చు. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అలాంటివి సెకనుకు 50 దాటుతాం. అప్పుడు గొంతు పోదు, పటపటమని వణుకుతుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రం చచ్చు చోటులోనే ఇరుక్కుపోవచ్చు. అందుకే మా మొదటి నియమం ఇది: ఆగి ఉన్నప్పుడు మాట రాకపోతే సెట్టును తిట్టకు, బండిని ఒక అడుగు జరుపు.

4వ వారం: మన భాష, ఆ బటన్

రేడియో పని అయిపోయిందనుకున్నాను. అసలు పని ఇక్కడే మొదలైంది.

సెట్టు మీద బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఎవరి మాటా దక్కదు. ఇవి ఎఫ్ఎం సెట్లు, 1933లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంట్ పొందిన పద్ధతి. ఎఫ్ఎంలో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. రెండూ సమానంగా ఉంటే కీచుమనే శబ్దం. కాబట్టి మధ్య బండిలో అక్క ఏదో మామూలు మాట చెబుతున్నప్పుడు చివరి బండి నుంచి పిన్ని "బండి ఆగిపోయింది" అన్నా నాకు వినబడకపోవచ్చు. వినబడలేదన్న సంగతి కూడా నాకు తెలియదు.

బటన్ నొక్కిన వెంటనే మాట్లాడితే మొదటి ఒకటి రెండు అక్షరాలు పోతాయి. అవతలి సెట్టు మేలుకోవడానికి పావు సెకను పడుతుంది. ఇది అందరూ చెప్పేదే. బటన్ తొందరగా వదిలితే చివరి ముక్క పోతుందని కూడా అందరికీ తెలుసు. కానీ తెలుగులో ఆ చివరి ముక్క పోతే ఏమవుతుందో మాకు మేమే కనుక్కున్నాం.

సాధన చేస్తుంటే బావకు చెప్పాను: "ఎడమకు తిరగొద్దు." మాట పూర్తి కాకుండానే వేలు ఎత్తేశాను. బావకు అందింది "ఎడమకు తిరగ..." అంతే. ఎడమకు తిరిగాడు. ఆయన తప్పేం లేదు. మన భాషలో కాదు, లేదు, వద్దు అన్నీ వాక్యం చివర, క్రియ తోకకు అంటుకుని వస్తాయి. రేడియోలో మొట్టమొదట తెగేది ఆ తోకే. అది తెగితే మాట సగం కావడం కాదు, ఉల్టా అవుతుంది.

ఆ సాయంత్రం అందరం కూర్చుని మాటలు మార్చుకున్నాం. నిషేధం ముందే వచ్చేయాలి: "వద్దు, ఎడమ వద్దు." వీలైతే వద్దు అనే మాటే లేకుండా, ఏం చేయాలో అదే చెప్పాలి: "కుడి. కుడికి రా." ఎవరిని పిలుస్తున్నామో వాళ్ల పేరు మొదట, తర్వాత మన పేరు: "చివరి బండి, ముందు బండి మాట్లాడుతున్నా." మొదటి అక్షరం తెగినా పోయేది పేరులోని ముక్కే కాబట్టి నష్టం లేదు. విన్నవాళ్లు "అందింది" అని ఊరుకోకుండా విన్నది తిరిగి చెప్పాలి: "కుడికి, అందింది." మా మేనకోడలు ఒక చిక్కు పట్టింది. రేడియోలో "ఆరు", "ఆగు" ఒకేలా వినబడుతున్నాయట. నిజమే. ఈ సెట్లలో గొంతు 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్యే వెళ్తుంది, అక్షరాల అంచులు అరిగిపోతాయి. అప్పటి నుంచి ఆగమనడానికి "బండి ఆపండి" అని రెండు మాటలు. పన్నెండేళ్ల పిల్ల చెవికి ఉన్న పదును మాలో ఎవరికీ లేదు, సాధనలో ఆమె చెప్పిందే ఖాయం చేశాం.

5వ వారం: కోడ్ నంబరు వల్ల ఒక గంట పోయింది

ఒకటో ఛానెల్‌లో మాకన్నా ముందు ఎవరో ఉన్నారు. క్రేన్ పని జరుగుతున్నట్టుంది, "దించు, దించు, ఇంకొంచెం" అని ఒకటే మాటలు. వాళ్ల పని ప్రమాదంతో కూడుకున్నది, మేం అందులో దూరడం తప్పు. ఏడో ఛానెల్‌కు మారి, దానికి ఒక కోడ్ పెట్టుకున్నాం. దీన్ని ప్రైవసీ కోడ్ అంటారు కానీ ఇందులో ప్రైవసీ ఏమీ లేదు. గొంతుతో పాటు 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య ఒక మంద్ర స్వరం నిరంతరం వెళ్తుంది. ఆ స్వరం వినబడితేనే అవతలి సెట్టు స్పీకరు తెరుచుకుంటుంది. మనకు ఇతరుల మాటలు వినబడవు, అంతే. మన మాటలు కోడ్ పెట్టుకోనివాళ్లు హాయిగా వినొచ్చు. ఇంటి అడ్రసు, ఎక్కడ దిగుతున్నాం లాంటివి ఇందులో చెప్పకూడదని తీర్మానం.

శనివారం బాబాయి సెట్టు మూగబోయింది. మేం మాట్లాడితే ఆయనకు రాదు, ఆయనది మాకు రాదు. బ్యాటరీలు మార్చాం, చోటు మార్చాం. గంట గడిచింది. చివరికి బాబాయే చూశాడు: "ఒరేయ్ నాన్నా, నువ్వు మాట్లాడినప్పుడల్లా దీని పచ్చ లైటు వెలుగుతోంది చూడు." అంటే సిగ్నల్ వస్తోంది, స్పీకరు మాత్రం తెరుచుకోవట్లేదు. జేబులో పెట్టుకున్నప్పుడు మీట నొక్కుకుపోయి కోడ్ ఒక అంకె మారింది. పక్కనున్న మానిటర్ బటన్ నొక్కి పట్టుకుంటే కోడ్‌తో పని లేకుండా అన్నీ వినబడతాయి. ఈ సంగతి తెలిసుంటే ఒక్క నిమిషంలో తేలేది. ఇప్పుడు నాలుగు సెట్లకూ మీటల లాక్ వేశాం, వెనక తెల్లటి టేపు అంటించి దాని మీద "ఛానెల్ 7, కోడ్ 12" అని రాశాను.

6వ వారం: ఎవరి చేతిలో?

డ్రైవరు చేతిలో సెట్టు ఉండకూడదు. ఇందులో చర్చే లేదు. గొంతు వినబడగానే దానంతటదే ఆన్ అయ్యే పద్ధతి ఈ సెట్లలో ఉంది, చేయి ఖాళీగా ఉంటుందని ఆశపడ్డాను. ఏసీ ఫ్యాను హోరుకు, రోడ్డు చప్పుడుకు అదే ఆన్ అయిపోయి ఛానెల్‌ను మూసేసింది. ఆఫ్ చేసి పారేశాం. పక్క సీటులో ఉన్నవాళ్లే రేడియో మనిషి. నా బండిలో మా ఆవిడ, మధ్య బండిలో మేనకోడలు.

చివరి బండిలో పిన్ని ఉంటుందనుకున్నాను. అమ్మ అడిగింది: "నాకివ్వు, నేను మాట్లాడతా." కిందటిసారి ఆ రెండు గంటలూ మా మాట వినబడక నలిగిపోయింది ఆమే. బటన్ గట్టిగా ఉంటే ఆమె వేళ్లకు నొప్పి, అందుకే కాలరుకు తగిలించుకునే మైకు ఒకటి కొన్నాను, దాని బటన్ మెత్తగా ఉంది. సెట్టు వెనక అద్దం దగ్గర ఉంటుంది, మైకు తీగ ఆమె చేతికి వస్తుంది. రెండు రోజుల్లో మా అందరికన్నా బాగా మాట్లాడటం నేర్చుకుంది. బటన్ నొక్కి ఒక ఊపిరి తీసుకుని మొదలుపెడుతుంది, చెప్పింది అయ్యాక ఇంకో ఊపిరి తీసుకుని వదులుతుంది. ఒక్క అక్షరం తెగదు.

7వ వారం: ఘాట్ రోడ్డు మీద పరీక్ష

మలుపుల దారిలో 200 మీటర్ల దూరంలో, మాకు సరిగ్గా కింద ఉన్న బాబాయి బండికి మాట వెళ్లలేదు. మధ్యలో కొండ ఉంది. అదే బండి ఇంకా దిగువకు పోయి ఎదురుగా ఉన్న కొండ చరియ వైపు తిరగ్గానే స్పష్టంగా వచ్చింది, ఆ చరియకు తగిలి తిరిగి వచ్చిందన్నమాట. ఇలాంటి చోట మధ్య బండే వంతెన. మేనకోడలు అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసింది. తన సొంత మాట ఒక్కటి కూడా కలపకుండా, విన్నది విన్నట్టే.

ఇక్కడే ఒక నియమం పెట్టాను, దీని మీద నేను చాలా పట్టుదలగా ఉన్నాను. ఆ రోజు ఒకచోట బావ నన్ను దాటి ముందు వెళ్తూ "ఎదురు ఖాళీ, లారీని దాటేయ్" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేను దాటలేదు. ఆయన నా కన్నా అర కిలోమీటరు ముందున్నాడు. గంటకు 60 వేగంతో అర కిలోమీటరుకు 30 సెకన్లు. ఆయన చూసిన ఖాళీ రోడ్డు 30 సెకన్ల కిందటిది. ఆ లోపు పక్క దారి నుంచి ఏ బండైనా రావచ్చు. రేడియోలో మేం ప్రమాదం గురించే చెబుతాం: గుంత, పశువులు, ఆగి ఉన్న లారీ, ఎదురుగా వేగంగా వస్తున్న బస్సు. "ఖాళీ" అనే మాట మా ఛానెల్‌లో లేదు. దాటాలో వద్దో డ్రైవరు కళ్లు చెప్పాలి. ఆ రాత్రి బావతో విడిగా మాట్లాడాను. ఆయన కాసేపు ఆలోచించి "నిజమేరా, నేను దాటమన్నానని నువ్వు దాటుంటే" అని ఆగిపోయాడు.

బ్యాటరీ సంగతి: పూర్తి ఛార్జింగ్‌తో రోజంతా వచ్చింది. ఎక్కువ తినేది మాట్లాడటమే, వినడం కాదు. ఎండలో ఆపిన బండి డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలకూడదు. ఒకసారి వదిలితే చేత్తో పట్టుకోలేనంత కాలింది. లిథియం బ్యాటరీకి ఆ వేడి మంచిది కాదు, అంత వేడిలో ఛార్జింగ్ అసలు పెట్టకూడదు.

8వ వారం: ప్రయాణం

ప్రతి కూడలిలో ఒకటే తంతు. నేను తిరిగేముందు మా ఆవిడ చెబుతుంది, మధ్య బండి తిరిగి చెబుతుంది, చివర అమ్మ గొంతు: "చివరి బండి తిరిగింది." ఆ మాట వచ్చేదాకా నేను వేగం పెంచను. పది నిమిషాలు ఎవరి మాటా రాకపోతే ముందు బండి సురక్షితమైన చోట ఆగాలని, ఇంకో పది నిమిషాలకూ రాకపోతే చివరిసారి మాట వినబడిన చోటుకు వెనక్కి రావాలని ముందే అనుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నం, ఫోన్లు చచ్చిపోయిన దారిలో, "తిరిగింది" అనే మాట రాలేదు. మా ఆవిడ పిలిచింది. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచింది. నా చేతులకు చెమటలు పట్టాయి, స్టీరింగ్ జారుతోంది. అప్పుడు మేనకోడలు: "ముందు బండి, మధ్య బండి. అమ్మమ్మ మాట నాకు వస్తోంది. చెబుతున్నా వినండి. టైరు పంక్చర్. బండి రోడ్డు పక్కన ఆపారు. అందరూ బాగున్నారు. తొందర లేదు, నిదానంగా రండి. అంతే."

బండి వెనక్కి తిప్పాం. రెండు కిలోమీటర్లు వచ్చాక గొంతు సన్నగా మొదలైంది, ముక్కలు ముక్కలుగా, తర్వాత పూర్తిగా. అమ్మ మాకోసం రోడ్డు గుర్తులు చెబుతోంది: ఎడమ పక్క పెద్ద మర్రి, దాని తర్వాత చిన్న వంతెన, వంతెన దాటితే మేం. మేం వెళ్లేసరికి బాబాయి జాకీ ఎక్కించి స్టెప్నీ దింపుతున్నాడు. అమ్మ మైకు కాలరుకు తగిలించుకుని బండికి దూరంగా, రోడ్డు దిగి నిలబడి ఉంది. నేను దిగి దగ్గరికి వెళ్తుంటే ఇంకా బటన్ నొక్కి చెబుతోంది, నా వెనక బండిలోంచి అదే మాట మళ్లీ వినబడింది: "ముందు బండి వచ్చింది. కనబడుతున్నాడు."

మిగిలిన పనులు

బాబాయి పక్క అద్దాల ఫిల్మ్ తీయించాలి. మేనకోడలి సెట్టుకు కూడా మైకు కొనాలి. నాలుగో సెట్టు ఈసారి సంచిలోనే ఉండిపోయింది, వచ్చేసారి బండి దిగి ముందుకు నడిచి చూసి వచ్చే మనిషికి ఇవ్వాలి. పంక్చర్ చోట ఎదురు బండ్లను ఆపి పంపడానికి అది చేతిలో ఉంటే బాగుండేది.